సీనియర్ లివింగ్‌లో ఏ కళతో మొదలుపెట్టాలి?

రిటైరైనవాళ్లు కలిసి ఉండే కమ్యూనిటీల్లో ఒక దృశ్యం తరచూ కనబడుతుంది. నోటీసు బోర్డు నిండా కార్యక్రమాలే. సోమవారం రంగులు వేయడం, బుధవారం క్విజ్, శుక్రవారం సినిమా. హాల్లోకి వెళ్లి చూస్తే ఎప్పుడూ వచ్చే ఆ ఎనిమిది మందే ఉంటారు. మిగతావాళ్లంతా తమ గదుల్లో టీవీ ముందు కూర్చుని ఉంటారు. నిర్వాహకులను అడిగితే "పెద్దవాళ్లకు ఆసక్తి లేదండీ" అంటారు. పెద్దవాళ్లను అడిగితే "వచ్చి మాత్రం అక్కడ చేసేదేముంది?" అంటారు. ఇద్దరి మాటా నిజమే.

కొన్నేళ్లుగా ఇలాంటి చోట్ల వాలంటీరుగా పనిచేస్తున్నాను. ఏ కార్యక్రమం చూసినా నేను అడిగే ప్రశ్న ఒకటే: ఇవాళ వచ్చినవాళ్లు ఇప్పుడు చేయలేని పనిని పది వారాల తర్వాత చేయగలుగుతారా? చేయగలిగితే అది నేర్చుకోవడం. లేకపోతే కాలక్షేపం. కాలక్షేపం తప్పని అనను. కానీ దానికోసం ఎనభై ఏళ్ల మనిషి మోకాళ్ల నొప్పి ఓర్చుకుంటూ వారం వారం హాలు దాకా నడిచి రారు.

ఈ తేడాను కొలిచి చూసినవాళ్లున్నారు. అమెరికాలో డెనీస్ పార్క్ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో 60 నుంచి 90 ఏళ్ల మధ్య వయసువాళ్లు 221 మంది పాల్గొన్నారు. అందులో కొందరు మూడు నెలల పాటు, వారానికి సుమారు 15 గంటలు, గుడ్డముక్కలతో క్విల్ట్ కుట్టడమో డిజిటల్ ఫోటోగ్రఫీయో లేదా రెండూనో నేర్చుకున్నారు. ఇంకొందరు అంతే సమయం కబుర్లతో, ఆటలతో, షికార్లతో గడిపారు. జరిగిన విషయాలను గుర్తుంచుకునే శక్తి మెరుగుపడింది కొత్త పని నేర్చుకున్నవాళ్లకే. అయితే వారానికి 15 గంటలంటే మాటలు కాదు, అంత సమయం పెట్టగలిగే కమ్యూనిటీలు అరుదు. కాబట్టి వారానికి ఒక గంటన్నర క్లాసు పెట్టి, దాంతో జ్ఞాపకశక్తి పెరుగుతుందని మాత్రం ఎవరికీ మాట ఇవ్వకండి.

ముందు అడగండి

ఏది ఎంచుకోవాలనే ముందు ఎవరు ఎంచుకోవాలో తేల్చుకోవాలి. 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు ఒక నర్సింగ్ హోమ్‌లో చేసిన ప్రయోగం గురించి ఈ రంగంలో చాలామంది విని ఉంటారు. ఒక అంతస్తులో ఉండేవాళ్లకు "మీ విషయాలు మీరే నిర్ణయించుకోవచ్చు" అని చెప్పి, పెంచుకోమని తలా ఒక మొక్క ఇచ్చారు. ఇంకో అంతస్తులో వాళ్లకూ మొక్కలిచ్చారు కానీ, "వీటి సంగతి, మీ సంగతి మా సిబ్బంది చూసుకుంటారు" అన్నారు. కొన్ని వారాలకే మొదటి అంతస్తువాళ్లు ఎక్కువ హుషారుగా, చురుగ్గా కనిపించారు. మొక్క ఒకటే, అది ఎవరి చేతిలో ఉందన్నదే తేడా.

అందుకని నాలుగు కార్యక్రమాలు మీరే ఖాయం చేసి చేతులెత్తమంటే సరిపోదు. గది గదికీ వెళ్లి అడగాలి. "మీకు ఏం వచ్చు?" అని అడిగితే చాలామంది "నాకేం రాదు" అనేస్తారు. "చిన్నప్పుడు నేర్చుకోవాలని ఉండి కుదరనిది ఏమైనా ఉందా?" అని అడిగి చూడండి. కాసేపు మౌనంగా ఉంటారు. తర్వాత వచ్చే జవాబు రాసుకోండి. మీకు కావాల్సిన జాబితా అదే.

పాటా, నాటకమా?

ఏ సామానూ అక్కర్లేకుండా రేపటి నుంచే మొదలుపెట్టగలిగింది బృందగానం. చక్రాల కుర్చీలో ఉన్నా, చేతులు వణుకుతున్నా, అక్షరాలు సరిగ్గా కనపడకపోయినా గొంతు కలపొచ్చు. ఒంటరిగా పాడమంటే బిడియపడే మనిషి పదిమంది మధ్య పాడతారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 12 సీనియర్ సెంటర్లలో 390 మందితో జరిగిన కోయిర్ (బృందగానం) అధ్యయనం ఫలితాలు 2018లో వచ్చాయి. ఆరు నెలల తర్వాత చూస్తే పాడినవాళ్లలో ఒంటరితనం తగ్గింది, జీవితం మీద ఆసక్తి పెరిగింది. జ్ఞాపకశక్తిలో, శరీర దారుఢ్యంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. నాకు ఈ ఫలితం మీద గురి ఎక్కువ, ఎందుకంటే నేను కళ్లారా చూసింది కూడా ఇదే. పాటల గ్రూపుకి వచ్చేవాళ్లు భోజనాల దగ్గర కూడా ఒకరికోసం ఒకరు చూస్తుంటారు.

అయితే పాట చెడిపోయేది ఎక్కువగా శ్రుతి దగ్గర. వయసు పెరిగేకొద్దీ గొంతు పలికే పరిధి తగ్గుతుంది. ఆడవాళ్ల గొంతు కిందికి దిగుతుంది, మగవాళ్ల గొంతు పలచబడుతుంది. అందరికీ తెలిసిన పాటే కదా అని అసలు శ్రుతిలోనే ఎత్తుకుంటే రెండో చరణానికి సగంమంది ఆగిపోతారు. తమకు పాట రాదనుకుని వెళ్లిపోతారు కూడా. శ్రుతి దించండి, వాళ్లే ఉండిపోతారు. వినికిడి యంత్రాలు ప్రధానంగా మాటల కోసం సర్దినవి కాబట్టి, వాటిలోంచి సంగీతం కొందరికి వికృతంగా వినిపిస్తుంది. చాలా యంత్రాల్లో సంగీతానికి వేరే సెట్టింగ్ పెట్టించుకునే వీలుంది. ఆ ముక్క వాళ్లకు చెప్పండి.

ఇక నాటకం. దీన్ని చాలా కమ్యూనిటీలు అసలు ఆలోచనలోకే తీసుకోవు. "ఈ వయసులో డైలాగులు ఎక్కడ గుర్తుంటాయి?" అంటారు. హెల్గా నోయిస్, టోనీ నోయిస్ దంపతులు ఏళ్ల తరబడి పరీక్షించింది ఈ సంగతినే. 2004లో వచ్చిన వాళ్ల అధ్యయనంలో నటన నేర్చుకున్నవాళ్లను చిత్రకళ నేర్చుకున్నవాళ్లతోనూ, 2009లో వచ్చిన దానిలో పాట నేర్చుకున్నవాళ్లతోనూ పోల్చారు. రెండోది తక్కువ ఆదాయం ఉన్న పెద్దల వసతి గృహాల్లో జరిగింది. శిక్షణ నాలుగు వారాలే. రెండింటిలోనూ ఆలోచనకు, జ్ఞాపకానికి సంబంధించిన పరీక్షల్లో ముందున్నది నటన నేర్చుకున్నవాళ్లే. అక్కడ నేర్పింది మాటలు బట్టీ పట్టడం కాదు. ఈ మనిషి ఇప్పుడు ఈ మాట ఎందుకంటున్నాడు, ఎదుటివాళ్ల నుంచి ఏం కోరుతున్నాడు అని ఆలోచిస్తూ, ఒంటితో, గొంతుతో, మనసుతో ఒకేసారి ఆ పాత్రలో ఉండటం. కాగితం చేతిలో పెట్టుకుని కుర్చీలో కూర్చునే ఇది చేయొచ్చు.

మరి నాటకంతోనే మొదలుపెట్టొచ్చు కదా అంటే, నేను వద్దంటాను. నాటకానికి ఎదుటివాళ్ల మీద నమ్మకం కావాలి. ముఖపరిచయం మాత్రమే ఉన్నవాళ్లు ఒకరి ముందు ఒకరు కోపం నటించలేరు, ఏడుపు నటించలేరు. పైగా నేర్పేవాళ్లకు అనుభవం లేకపోతే అది పిల్లల వార్షికోత్సవంలా తయారై పెద్దవాళ్లను చిన్నబుచ్చుతుంది. ఆరు నెలలు కలిసి పాడిన గ్రూపు ఉంటే మాత్రం, వాళ్లతో నాటకం చేయించకపోవడం మంచి అవకాశాన్ని చేజేతులా వదులుకోవడమే.

బొమ్మలు, మట్టి, దారం

బొమ్మలు వేయించడం చాలాచోట్ల మొదటి ఎంపిక. అంత తేలిగ్గా చెడిపోయేది కూడా ఇదే. మా మొదటి ప్రయత్నంలో అచ్చువేసిన పువ్వుల బొమ్మలు పంచి రంగులు నింపమన్నాం. జీవితమంతా కర్మాగారంలో యంత్రాల డ్రాయింగులు గీసిన పెద్దాయన ఒకరు తన కాగితాన్ని మర్యాదగా పూర్తిచేసి, మడిచి బల్ల మీద పెట్టి వెళ్లారు. మళ్లీ రాలేదు. ఆయనకు మేం చేసింది అవమానమేనని నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. తర్వాత వెళ్లి క్షమించమని అడిగాను. తెల్ల కాగితాలు, మంచి పెన్సిళ్లు తీసుకెళ్లి ఇచ్చాను. అప్పుడు వచ్చారు.

ఈ వయసులో కొత్తగా బొమ్మలేమిటి అనేవాళ్లకు చెప్పడానికి గ్రాండ్మా మోజెస్ ఉన్నారు. 1860లో పుట్టిన ఈ అమెరికన్ రైతు మహిళ ఊలుతో బొమ్మలు కుట్టేవారు. కీళ్లవాతంతో సూది పట్టుకోవడం కష్టమయ్యాక, డెబ్భై ఏళ్లు ఎప్పుడో దాటాక కుంచె పట్టుకున్నారు. 101 ఏళ్లు బతికి, లోకం మెచ్చిన చిత్రకారిణి అయ్యారు. నాకు ఇంకా ఎక్కువగా పనికొచ్చిన కథ ఫ్రెంచ్ చిత్రకారుడు హెన్రీ మతీస్‌ది. 1941లో పెద్ద ఆపరేషన్ జరిగాక ఆయన చాలావరకు మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. రంగు పూసిన కాగితాలను కత్తెరతో కత్తిరించి బొమ్మలు కూర్చడం మొదలుపెట్టారు. ముక్కలను గోడ మీద గుచ్చేది సహాయకులు. ఎక్కడ గుచ్చాలో చెప్పేది ఆయన. వాలంటీర్లకు నేను మొదటిరోజే ఈ సంగతి చెబుతాను. చేయి మీరు ఇవ్వండి, నిర్ణయం మాత్రం వాళ్లకే వదలండి. చేతులు వణికేవాళ్లకు కాగితపు కొలాజ్ నిజంగా మంచి మార్గం. వణుకుతున్న గీత తప్పులా కనబడుతుంది కానీ, వంకరగా తెగిన కాగితం అందంగానే ఉంటుంది.

రంగుల్లో ఆక్రిలిక్ నయం. త్వరగా ఆరుతుంది, నచ్చకపోతే పైన ఇంకో పూత వేయొచ్చు. నీటిరంగులు చూడటానికి తేలిగ్గా ఉంటాయి గానీ వేసిన తప్పు దిద్దుకోనివ్వవు, కొత్తవాళ్లు నిరాశపడతారు. ఆయిల్ రంగులైతే టర్పెంటైన్ వాసన ఉంటుంది, మూసి ఉన్న గదిలో, ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్ల మధ్య వద్దు. కుంచె పిడికి ఫోమ్ గొట్టం తొడిగితే కీళ్ల నొప్పులవాళ్లకు పట్టు దొరుకుతుంది. వయసుతో కంటి కటకం పచ్చబడుతుంది కాబట్టి నీలం, ఆకుపచ్చ, ఊదా ఛాయల మధ్య తేడా తెలియడం కష్టమవుతుంది. రంగు సీసాల మీద పేర్లు పెద్ద అక్షరాల్లో రాసిపెట్టండి, బల్ల మీద మంచి వెలుతురు పడేలా చూడండి. ఒకరి బొమ్మలు క్రమంగా ఎరుపు, గోధుమ రంగుల్లోకి జారిపోతుంటే శైలి మారిందనుకోకుండా కంటి పరీక్ష చేయించుకోమనండి. ఫ్రెంచ్ చిత్రకారుడు క్లోడ్ మోనే 1923లో శుక్లాల ఆపరేషన్ చేయించుకునే ముందు వేసిన చిత్రాలు అలాగే ఎర్రబడ్డాయి.

"నాకు బొమ్మలు రావు" అనేవాళ్లు ఉన్నంతగా "నాకు మట్టి పిసకడం రాదు" అనేవాళ్లు ఉండరు. అందుకే బొమ్మలకు, మట్టికి మధ్య ఒకటే ఎంచుకోవాలంటే నేను మట్టివైపే ఉంటాను. చూపు బాగా తగ్గినవాళ్లకు కూడా వేళ్లతో ఆకారం తెలుస్తుంది. చల్లటి తడిమట్టి నొప్పులున్న కీళ్లను బాధిస్తుంది కాబట్టి పక్కన గోరువెచ్చని నీళ్ల గిన్నె ఉంచండి. కొలిమిలో కాల్చే మట్టికి దాదాపు 1,000 డిగ్రీల సెల్సియస్ వేడి, వేరే గది, తెలిసిన మనిషి కావాలి. గాలికి ఆరే మట్టికి అవేవీ అక్కర్లేదు, కాకపోతే ఆ పాత్రల్లో నీళ్లు నిలవవు. మొదటి మూడు నెలలకు అది చాలు. క్లాసు అయ్యాక ఎండిన మట్టిని చీపురుతో ఊడవకండి, ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగుడ్డతో తుడవాలి.

అల్లికలు, కుట్ల దగ్గర పరిస్థితి వేరు. అక్కడ నేర్పేవాళ్లు మీ కమ్యూనిటీలోనే ఉంటారు. యాభై ఏళ్లుగా అల్లుతున్న ఆవిడకు నేర్పించే బాధ్యత ఇస్తే ఆమె నడకే మారుతుంది. కానీ ఆవిడ కూడా ఏదో ఒకటి కొత్తగా నేర్చుకోవాలి కదా. కష్టమైన కొత్త డిజైన్ ఒకటి ముందు పెట్టండి. ఇక గుంపు అంటేనే పడనివాళ్లకు ఫోన్ కెమెరాతో ఫోటోగ్రఫీ బాగుంటుంది. వారమంతా ఒంటరిగా తిరిగి తీసుకుంటారు, చూపించడానికి మాత్రం నలుగురిలోకి వస్తారు.

జ్ఞాపకాలు రాయించడం

పెద్దవాళ్లు పాత సంగతులు చెబుతుంటే ఒకప్పుడు వైద్యులు సైతం దాన్ని మతి తగ్గడానికి గుర్తుగా చూసేవారు. 1963లో రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు అలా చూడటం తప్పన్నారు. వెనక్కి తిరిగి చూసుకుని, తేలని లెక్కలు తేల్చుకోవడం ఆ వయసులో సహజమైన, అవసరమైన పని అని రాశారు. తర్వాత జేమ్స్ బిర్రెన్ దీన్ని గ్రూపుగా చేసే పద్ధతి తయారుచేశారు. వారానికి ఒక అంశం ఇస్తారు. జీవితంలో మలుపులు, కుటుంబం, పని, డబ్బు, ఆరోగ్యం, మరణం, ఇలా. దానిమీద రెండు పేజీలు రాసుకొచ్చి గ్రూపులో చదవాలి.

"మీ చిన్నతనం గురించి చెప్పండి" అని అడగడానికి, దీనికి చాలా తేడా ఉంది. ఊరికే చెప్పమంటే ఇంటిల్లిపాదికీ ఎన్నోసార్లు చెప్పిన కథలే మళ్లీ వస్తాయి. "డబ్బు గురించి మీ ఇంట్లో ఎలా మాట్లాడుకునేవారు?" అంటే, ఎప్పుడూ ఎవరికీ చెప్పనిది వస్తుంది. ఒక గ్రూపులో ఎదురెదురు గదుల్లో మూడేళ్లుగా ఉంటున్న ఇద్దరు ఆడవాళ్లు, తామిద్దరూ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేశామని పని గురించి రాసిన వారమే తెలుసుకున్నారు. మూడేళ్లు నవ్వుకుంటూ, పలకరించుకుంటూనే ఉన్నారు, ఆ మాట మాత్రం రాలేదు. ఆ రోజు క్లాసు అయ్యాక కూడా ఇద్దరూ లేవలేదు.

కొత్తగా మొదలైన కమ్యూనిటీలో, ఒకరికొకరు తెలియనివాళ్ల మధ్య, చదువుకున్నవాళ్లు ఎక్కువగా ఉన్నచోట నేను ముందు దీన్నే ఎంచుకుంటాను. రాయలేనివాళ్లు ఫోన్‌లో రికార్డు చేసి ఇస్తే వాలంటీర్లు టైప్ చేయొచ్చు. వాళ్ల మాటతీరు దిద్దకుండా, అన్నది అన్నట్టే ఉంచాలి.

జాగ్రత్తలు కూడా దీనికే ఎక్కువ. బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు, పిల్లలతో మాటలు లేనివాళ్లు ఉంటారు. ఏ అంశమైనా వద్దనుకుంటే వదిలేసే స్వేచ్ఛ మొదటిరోజే ఇవ్వాలి. గదిలో చదివినది గది దాటకూడదు. ఇంట్లోవాళ్లు "అమ్మ ఏం రాసిందో చూపించండి" అని అడుగుతారు, ప్రేమతోనే అడుగుతారు, అయినా అమ్మ అనుమతి లేకుండా ఇవ్వకూడదు. ఎవరైనా ఏడిస్తే కంగారుపడి మాట మార్చకండి. కాసేపు ఊరుకోండి.

డిమెన్షియా ఉన్నవాళ్లకు

జ్ఞాపకం, ఆలోచన క్రమంగా తగ్గిపోయే ఈ జబ్బు ఉన్నవాళ్లకు పైన చెప్పిన పద్ధతి పనికిరాదు. "గుర్తుందా?" అనే ప్రతి ప్రశ్నా వాళ్లకొక పరీక్ష, అందులో తప్పుతున్నామని వాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. యాన్ బేస్టింగ్ 1998లో మొదలుపెట్టిన టైమ్‌స్లిప్స్ పద్ధతి దీనికి చక్కటి ప్రత్యామ్నాయం. వింతైన బొమ్మ ఒకటి చూపించి, "ఈవిడ ఎక్కడికి వెళ్తోంది? పేరేం పెడదాం?" అని అడుగుతారు. ఏ జవాబైనా సరైనదే. అర్థంకాని శబ్దం చేసినా రాసుకుంటారు. అన్నీ కలిపి కథగా తిరిగి వినిపిస్తారు. జ్ఞాపకం లేనిచోట ఊహ మిగిలి ఉందని వాళ్ల ముఖాల్లోనే తెలుస్తుంది. సాయంత్రం అయ్యేసరికి కొందరిలో ఆందోళన పెరుగుతుంది కాబట్టి వీళ్ల క్లాసులు పొద్దున్నే పెట్టండి. సామాను నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది, రంగులు, మట్టి విషం లేనివే కొనాలి.

పార్కిన్సన్స్ (వణుకు తెచ్చి, కదలికలను నెమ్మదింపజేసే నరాల జబ్బు) ఉన్నవాళ్లు ఎక్కువగా ఉంటే నృత్యం గురించి ఆలోచించండి. న్యూయార్క్‌లో మార్క్ మోరిస్ డాన్స్ గ్రూప్ 2001 నుంచి వాళ్లకోసం క్లాసులు నడుపుతోంది. కుర్చీలో కూర్చుని మొదలుపెట్టి, నిలబడగలిగినవాళ్లు నిలబడతారు. డాక్టరును అడగకుండా మాత్రం మొదలుపెట్టవద్దు.

ఎవరు నేర్పాలి?

ఖర్చు తగ్గించుకోవాలని సిబ్బందిలో ఖాళీగా ఉన్నవాళ్లకు అప్పజెబుతుంటారు. ఇక్కడ మాత్రం రాజీ పడొద్దని నా గట్టి మాట. పెద్దవాళ్ల మీద కళల ప్రభావం గురించి జీన్ కోహెన్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు 2001లో మొదలుపెట్టిన అధ్యయనంలో పాల్గొన్నవాళ్ల సగటు వయసు దాదాపు 80 ఏళ్లు. అక్కడ నేర్పింది వృత్తి కళాకారులు. ఏడాది తర్వాత, కోయిర్‌లో పాడినవాళ్లు పాడనివాళ్లతో పోలిస్తే డాక్టరు దగ్గరికి తక్కువసార్లు వెళ్లారు, తక్కువసార్లు పడిపోయారు, మందులు తక్కువ వాడారు. ఈ ఒక్క అధ్యయనాన్ని పట్టుకుని పాట పాడితే మందులు తగ్గుతాయని చెప్పలేం. కానీ పనితెలిసిన కళాకారుడు "ఈ గీత బలంగా ఉంది, ఇది తేలిపోయింది" అని నిజం చెబుతాడు. సిబ్బంది "చాలా బాగుందండీ" అంటారు. ప్రతిదానికీ బాగుందనే మాట వింటే, మనల్ని లెక్కలోకి తీసుకోవడం లేదని పెద్దవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. డబ్బు తక్కువగా ఉంటే కార్యక్రమాల సంఖ్య తగ్గించండి. మూడింటి బదులు ఒకటే పెట్టి, దానికి మంచి గురువును తీసుకురండి.

ఏది ఎంచుకున్నా పన్నెండు వారాలు అదే రోజు, అదే గంట, అదే గది. మధ్యలో పండగకో తనిఖీకో హాలు ఇచ్చేసి క్లాసు రద్దు చేయకండి. హాజరు లెక్కలో మొదటివారం సంఖ్య చూసి మురిసిపోవద్దు, మూడోవారం ఎవరు తిరిగొచ్చారో చూడండి. రానివాళ్ల గదికి వెళ్లి కారణం కనుక్కోండి. చాలాసార్లు అది చిన్నదే అయి ఉంటుంది. కుర్చీ ఎత్తు చాలలేదు, బాత్రూమ్ దూరం, పక్కావిడ మాట వినిపించలేదు. చివర్లో ప్రదర్శన పెట్టాలా వద్దా అన్నది వాళ్లనే అడగండి. ఒక మట్టిపని గ్రూపు వద్దంది. తాము చేసిన గిన్నెలు అద్దాల బీరువాలో పెట్టడం వాళ్లకు ఇష్టం లేదు. ఎవరి గిన్నె వాళ్లు గదికి పట్టుకెళ్లారు. ఇప్పుడు ఒకాయన దాంట్లో తాళంచెవులు వేసుకుంటున్నారు, ఇంకొకావిడ కళ్లజోడు పెట్టుకుంటున్నారు.